మూడు చింతగింజలు, నాలుగు లోకాలు

పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తుంటే, కారులో నా పక్కన కూర్చున్న మనవరాలు ఫోనులో ఏదో నొక్కుతూ, అమ్మమ్మా, కథల్లో ఉండే అంతరిక్ష లోకాలన్నిటిలో నీకు ఎక్కడ బతకాలని ఉంది అని అడిగి, నేను నోరు తెరిచేలోపే తన సంగతి తాను తేల్చేసుకుంది. ఫోను పది ప్రశ్నలు వేసిందట, ఇది పది జవాబులు నొక్కిందట, తనకు నప్పే లోకం ఏదో బొమ్మతో సహా వచ్చేసిందట. ఏ పనికైనా ముందూ వెనకా గడియారం చూసుకునే అలవాటు నాకు ఇంకా పోలేదు కాబట్టి చెబుతున్నాను, మొత్తం నలభై సెకన్లు పట్టింది. అదే ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు పందొమ్మిది రోజులు పట్టింది. డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఏప్రిల్ ఇరవై నాలుగు, సోమవారం మొదలుకొని మే పన్నెండు, శుక్రవారం సాయంత్రం దాకా. మొదటి రోజునూ చివరి రోజునూ కలిపి లెక్కపెడితే పందొమ్మిదే వస్తుంది, కావాలంటే వేళ్లమీద చూసుకోండి.

అప్పుడు మేం కాజీపేటలో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా నాన్న గూడ్సు బండికి గార్డు. ఒకే వరండా మీదికి తెరుచుకునే మూడిళ్లలో మాది నడిమిల్లు. కుడివైపు ఇంట్లో డ్రైవరు గారి భార్య, పాలకుర్తి దగ్గరి మనిషి, నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని. ఎడమవైపు మూలింట్లో లోకోషెడ్డు ఫిట్టరు భార్య, పెళ్లయి ఏడాది కూడా తిరగని ఇరవై ఏళ్ల పిల్ల, ఆమెను అక్కా అనేదాన్ని. వీళ్లు చుట్టాలు కారని, మేం క్రైస్తవులమైతే వాళ్లు కాదని నాకు చాలా పెద్దయ్యాక గాని పట్టింపుగా తోచలేదు. మూడిళ్లకూ కలిపి ఒకటే వారపత్రిక. మా నాన్న సోమవారం డ్యూటీ దిగి వస్తూ ప్లాట్‌ఫారం మీది పుస్తకాల బండి దగ్గర కొని, గార్డు పెట్టెలో పెట్టుకుని తెచ్చేవాడు.

ఆ పత్రికను ఎవరు ముందు చదవాలన్న దగ్గర ఒకప్పుడు గొడవలయ్యేవట, అందుకని అత్తమ్మ ఒక నియమం పెట్టింది. ఎవరూ ఒంటరిగా చదవకూడదు. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, రెండు గంటల నుంచి నాలుగు గంటల దాకా, వరండాలో చాప వేసుకుని అందరూ కూర్చుంటే నేను పైకి చదవాలి. అప్పటిదాకా పత్రిక అత్తమ్మ బియ్యం డబ్బా మీద బోర్లించి ఉండాలి. తెచ్చేది మా నాన్నే అయినా, దారిలో చదివేశాడేమోనని అత్తమ్మ అంచులు కత్తిరించకుండా వచ్చిన పేజీలు చింపి ఉన్నాయా లేదా అని తిప్పి తిప్పి చూసేది. ఒకసారి ఆయన డోర్నకల్లు దగ్గర సిగ్నలు పడక బండి గంటసేపు నిలబడితే ఆగలేక చదివేసి, ఇంటికొచ్చి మొహం దాచుకోలేక దొరికిపోయాడు. ఆ వారం ఆయనను వరండాలో కూర్చోనివ్వలేదు.

మీలో నా వయసు వాళ్లకు ఇదంతా చెప్పనక్కర్లేదు. వారం వారం సీరియలు కోసం కాచుకోవడం, కథ సరిగ్గా పాము పడగెత్తిన చోట ఆగిపోతే ఏడు రోజులు దాని గురించే మాట్లాడుకోవడం మనందరం పడిన తీపి బాధే. ఆ ఏడాది వచ్చిన సీరియలు మాత్రం మాకు కొత్త రకం. దాంట్లో కోడళ్లు లేరు, ఆస్తి తగాదాలు లేవు. భూమి మీద బతకలేని రోజు వచ్చి, వెయ్యిమంది ఒక పెద్ద అంతరిక్ష ఓడ ఎక్కి కొత్త లోకం వెతుక్కుంటూ పోతారు. ఎండాకాలం కదా, ఇంటింటికీ ఏడాదికి సరిపడా చింతపండు వచ్చి పడి ఉండేది. ఆడవాళ్లు చింతకాయలు కొట్టి గింజ తీస్తూ వినేవాళ్లు. కథ ఊపందుకున్న చోట సుత్తి దెబ్బలు ఆగిపోయేవి, దెబ్బలు ఆగాయంటే నేను ఇంకా బాగా చదివేదాన్ని. నా పుస్తకాల అక్షరాలకు ఈనాటికీ చింతపండు వాసన ఉన్నట్టే అనిపిస్తుంది.

ఏప్రిల్ ఇరవై నాలుగు నాటి సంచికలో కథకుడు ఒక చిత్రం చేశాడు. ఓడ ఎక్కడ స్థిరపడాలో తాను నిర్ణయించనని, పాఠకులే నిర్ణయించాలని, ఆ పేజీ అడుగున ఒక కూపను ఇచ్చి, దాన్ని కత్తిరించి కార్డుకు అంటించి, మీరైతే ఏ లోకంలో బతుకుతారో, ఎందుకో రాసి మే పదిహేనులోగా మద్రాసు చేరేలా పంపమన్నాడు. లోకాలు నాలుగు. మొదటిది నీళ్ల లోకం, అంతా సముద్రం, ఊళ్లన్నీ తామరాకుల్లా తేలుతూ ఉంటాయి. రెండోది యంత్రాల లోకం, మనసులో అనుకుంటే చాలు, అన్నం పళ్లెం ముందుకొస్తుంది, బట్టలు వాటంతటవే ఉతుక్కుంటాయి. మూడోది రెండు సూర్యుల లోకం, అక్కడ మనుషులు మూడు వందల ఏళ్లు బతుకుతారు. నాలుగోది ఏమిటంటే, ఎక్కడా దిగకుండా ఓడలోనే ఉండిపోవడం. ఓడలో పుట్టిన ప్రతివాళ్లకూ ఒక డ్యూటీ ఉంటుంది, అందులో పదిహేనేళ్ల పిల్లలు కొందరు దారి లెక్కలు కట్టే బల్ల దగ్గర కూర్చుని ఓడ ఎటు పోవాలో చెబుతుంటారు.

ఇప్పుడు మూడిళ్లకు కూపను ఒక్కటే. ఇంటికో లోకం రాయడానికి వీల్లేదు. పత్రిక ముగ్గురిదీ కాబట్టి ముగ్గురూ ఒప్పుకున్న లోకమే రాయాలని అత్తమ్మ తీర్మానించింది. నేను సుద్దముక్కతో వరండా గచ్చు మీద నాలుగు గళ్లు గీశాను. ఇంటికో చింతగింజ. మూడు గింజలూ ఒకే గడిలోకి వచ్చిననాడు కార్డు రాయాలి.

నాకు ఏ గడి కావాలో మొదటి నిమిషం నుంచే తెలుసు. ఎందుకో చెప్పాలంటే ఇంకొక సంగతి చెప్పాలి. నేను ఆ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి ఉన్నాను. ఇంటర్‌లో లెక్కలు తీసుకోవాలని నా కోరిక. ఇంట్లో మాత్రం నర్సు ట్రైనింగు అని ముందే అనుకుని ఉన్నారు. మా నాన్న దరఖాస్తు కాగితం కూడా తెచ్చి, గూట్లో బైబిలు కింద పెట్టాడు. ఫలితాలు రాగానే పంపడమే. అన్నిటికంటే గట్టిగా ఆ మాట పట్టుకున్నది మా నానమ్మ. ఆమె తొర్రూరు దగ్గర ఊళ్లో మంత్రసానిగా పనిచేసిన మనిషి. తాను ఉత్త చేతులతో, కిరసనాయిలు బుడ్డి వెలుతురులో చేసిన పని, మనవరాలు తెల్ల గౌను వేసుకుని, దవాఖానలో పదిమందీ అమ్మా అని పిలుస్తుండగా చేయాలని ఆమె ఆశ. అది చిన్న ఆశ కాదు, చెడ్డ ఆశ అంతకన్నా కాదు. అందుకే ఎదురు చెప్పడానికి నాకు నోరు రాలేదు. లెక్కలు కట్టే ఆడపిల్ల బతుకు కూడా ఒక బతుకేనని ఆ వరండా ఒప్పుకుంటే, ఆ వెనుక నా మాట చెప్పుకోవచ్చునని నా ఎత్తు. నాలుగో గడిలో మా ఇంటి గింజ పడాలి, ఆ గింజ ఉన్నది మా నానమ్మ చేతిలో. మా అమ్మ తన వంతు అభిప్రాయాన్ని అత్తగారికి ధారపోసి కత్తిపీట ముందు కూర్చుంది.

మొదటి రోజే అక్క తన గింజను నీళ్ల లోకంలో వేసింది. మా లైనులో నల్లా పొద్దున గంటసేపే వచ్చేది, ఆమెకు సముద్రం చూడాలని కూడా ఉండేది. అత్తమ్మ యంత్రాల లోకంలో వేసింది. నాలుగో గడి గురించి నేను ఎంత ఊరించి చదివినా అత్తమ్మ మొహం తిప్పేసుకుంది.

"పెండ్లయి పదహారేండ్లాయె, ఇంటి మనిషిని బండి తినవట్టె. మళ్ల నన్నుగూడ బండిలనే పెట్టి, ఏ టేషన్ల దిగకుండ తీస్కపోతనంటవు. నీ కతల మన్నువడ."

నేను గార్డు కూతురినై ఉండి ఈ సంగతి ముందుగా ఊహించుకోలేకపోయాను. బండి మీద బతికే మగవాళ్లను కట్టుకున్న ఆడవాళ్ల ముందు, ఆగని బండిని స్వర్గమని అమ్మబోయాను. చింతపండు ముందు కూర్చున్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ గడివైపు చూడలేదు.

అలా ఒక వారం గడిచింది. ఆ వారమంతా మా వరండాలో నడిచిన చర్చలు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా నవ్వుకుంటాను. నీళ్ల లోకానికి పోవడానికి రైల్వే పాసు చెల్లుతుందా, చెల్లితే ఏడాదికిచ్చే పాసుల్లో ఎన్ని ఖర్చవుతాయి అని అత్తమ్మ అడిగింది. ఆవకాయ జాడీలు ఎన్ని తీసుకుపోనిస్తారు, ఉప్పునీళ్లలో పప్పు ఎట్లా ఉడుకుతుంది అని అక్కకు బెంగ. రెండు సూర్యులుంటే ఒడియాలు ఒక్కపూటలో ఎండిపోతాయని మా అమ్మ మెచ్చుకుంది గాని, మూడు వందల ఏళ్లంటే ఎన్ని పూటల వంట అని లెక్క అడిగి, నేను రోజుకు రెండు పూటల చొప్పున రెండు లక్షల పందొమ్మిది వేలని చెప్పగానే ఆ లోకం మాట మళ్లీ ఎత్తలేదు. నానమ్మ మాత్రం గింజను కొంగున ముడివేసుకుని, ఏమీ తేల్చలేదు. అందరికీ అది ఆట, ఆమెకు కాదు. ఎన్నో ఏళ్ల కిందట మా తాతకు రైలు పట్టాల గ్యాంగులో పని దొరికి ఊరు విడిచి కాజీపేట వచ్చేటప్పుడు ఎట్లా ఆలోచించిందో, దీనికీ అట్లాగే ఆలోచిస్తోందని నాకు అనిపించేది.

సీరియలులోని అంకెలన్నిటినీ నేను ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఓడ వేగం సెకనుకు ఇరవై వేల మైళ్లని ఆరో భాగంలో ఉంది. నీళ్ల లోకం నాలుగు కాంతి సంవత్సరాల దూరమని తొమ్మిదో భాగంలో ఉంది. ఆ ప్రయాణానికి ఏడేళ్లు పడుతుందని పదకొండో భాగంలో ఉంది. మే నెల మొదటి వారంలో ఒకనాడు ఊరికే కూర్చోలేక ఆ మూడింటినీ పక్కపక్కన వేసి చూశాను. వెలుతురు సెకనుకు ఒక లక్షా ఎనభై ఆరు వేల మైళ్లు పోతుంది. దాన్ని ఇరవై వేలతో భాగిస్తే తొమ్మిది పాయింటు మూడు. అంటే వెలుతురు ఏడాదిలో పోయే దూరానికి ఓడకు తొమ్మిదేళ్ల పైమాటే. నాలుగుతో గుణిస్తే ముప్పై ఏడేళ్ల రెండు నెలల పన్నెండు రోజులు. ఏడేళ్లు ఎంతమాత్రం కాదు. అంత పెద్ద కథకుడు తప్పు చేశాడంటే నమ్మకం కుదరక మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే వచ్చింది.

మే ఏడో తేదీ ఆదివారం మా నాన్నకు రెస్టు. చర్చి నుంచి వచ్చి భోంచేసి పడుకోబోతుంటే నోటుబుక్కు తీసుకుపోయి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదట లెక్కను పైనుంచి కిందికి చూసి, ఆ తరువాత కింది నుంచి పైకి చూసి, తప్పు దొరకక, చివరికి గార్డు బుద్ధికి తోచిన తప్పు ఒకటి పట్టుకున్నాడు.

"బిడ్డా, నువ్వు రన్నింగ్ టైమొక్కటే వేసినవ్. మధ్యల క్రాసింగులు ఉండయా? ఇంజను నీళ్లు వట్టుకోవద్దా? కదిలేటప్పుడు ఇంత, ఆగేటప్పుడు ఇంత, అది వెయ్యకుంటె కంట్రోలర్ ఒప్పుకుంటడా?"

అంతరిక్షంలో ఎదురు బండ్లు రావని చెప్పినా ఆయనకు మనసొప్పలేదు. సాయంత్రం దాకా ఇద్దరం నేలమీద బోర్లా పడుకుని, పెన్సిలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ, క్రాసింగులకు ఇంతని, నీళ్లకు ఇంతని కలిపి ఆయన ముప్పై తొమ్మిదేళ్లని తేల్చాడు. నేను ముప్పై ఏడేళ్ల రెండు నెలల పన్నెండు రోజులనే అన్నాను. రాజీ కుదరలేదు. ఆయన లేచి లుంగీ దులుపుకుంటూ నా వైపు ఒకసారి చూశాడు. అంతకుముందు నన్ను ఎప్పుడూ అలా చూడలేదని మాత్రం చెప్పగలను.

మరునాడు సోమవారం సీరియలు చదవడం అయ్యాక నా లెక్క వరండాలో చెప్పాను. అక్క సుత్తి కింద పెట్టేసింది. ముప్పై ఏడేళ్లంటే నీళ్ల లోకం చేరేసరికి ఆమెకు యాభై ఏడు. యంత్రాల లోకం ఆరు కాంతి సంవత్సరాలు కాబట్టి యాభై అయిదేళ్ల తొమ్మిది నెలలకు పైనే, అత్తమ్మకు అప్పటికి తొంభై దగ్గర పడతాయి. రెండు సూర్యుల లోకానికి నూటరెండేళ్లు, దానికి ఎవరి పేరూ చెప్పుకోనక్కర్లేదు. అంటే ఏ లోకం కోరుకున్నా బతుకంతా గడిచేది ఓడలోనే. ఆ లోకాన్ని చూసేది పిల్లలు, మనం చూసేది ఓడనే. ఆ తరువాత అక్క నవ్వుతూ, మోకాళ్లు పట్టేసినంక సముద్రం చూసి ఏం చేసుకోను అని, తన గింజను నాలుగో గడిలోకి జరిపింది.

అత్తమ్మ మూడు రోజులు కదలలేదు. నేనెంత చెప్పినా బండి ఎక్కనంటే ఎక్కనంది. కావాలంటే మీరంతా పోండి, నేను ఈ నల్లా దగ్గరే ఉంటానంది. చివరికి ఆమెను కదిలించింది, కథ విన్నదో లేదో కూడా తెలియకుండా కూర్చునే మా అమ్మ. పదకొండో తేదీ గురువారం, మామిడికాయ ముక్కలు తుడుస్తూ, తల ఎత్తకుండానే అంది.

"అండ్ల డ్యూటీకి వోయినోడు ఏడికి వోతడు వదినా? ఇల్లుగూడ ఆ బండికే తగిలిచ్చి ఉండె. పొద్దుమూకంగ అన్నానికి మనింటికే గద రావాలె."

అత్తమ్మ ఆ మాటను మనసులో ఒకటికి రెండుసార్లు తిప్పుకున్నట్టుంది. భర్త ఎంత దూరం పోయినా ఇంట్లోనే ఉండే లోకం. ఆమె మొహం మెల్లగా విప్పారడం నేను చూశాను. ఈ ముక్క ముందే చెబితే ఇన్ని రోజులు నా గొంతు ఎండేది కాదు గదా అని అమ్మను దెప్పుతూ, కాలితో తన గింజను నాలుగో గడిలోకి తోసింది.

ఇక మిగిలింది ఒక్క గింజ. మా నాన్న ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు, గడప మీద కూర్చుని బూట్లకు పాలిషు పెట్టుకుంటున్నాడు. అందరూ నానమ్మ వైపు చూశారు. ఆమె కొంగు ముడి విప్పలేదు. ఓడ లోపల ఎట్లా ఉంటుందో ఆ భాగం మళ్లీ చదవమంది. నేను నోటుబుక్కు తీసి చదివాను. ఓడ చేతి గాజులాగా గుండ్రంగా ఉంటుంది, ఆ గాజు పొడవునా ఇళ్లు, ఒక ఇంటి ముందు నుంచి బయలుదేరి నడుస్తూ పోతే మళ్లీ ఆ ఇంటి ముందుకే వస్తాం. నీళ్ల తొట్టి ఒక్కటే, అందరికీ దాంట్లోవే.

నానమ్మ ఊళ్లో ఎట్లా బతికిందో మాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఊళ్లో పుట్టిన ఏ బిడ్డనైనా మొదట ముట్టుకునేవి ఆమె చేతులే. ఆ బిడ్డకు నీళ్లు పోసి పొత్తిళ్లలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టాక, అదే ఇంట్లో దాహమేస్తే కడవ ముట్టరాదు, దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్లు. బావి దగ్గర కూడా అంతే, ఎవరైనా చేది పోసేదాకా ఖాళీ కుండతో నిలబడి ఉండాలి. నానమ్మ వాళ్ల ఇళ్లు ఊరవతల. మొదటిసారి కాజీపేట లైనులో నల్లా తన చేత్తో తిప్పినప్పుడు కుండ నిండి పొర్లిపోతున్నా కట్టేయడం మరిచిపోయిందని మా తాత నవ్వుతూ చెప్పేవాడట.

"గాజు తీరుగ గుండ్రముంటె మొదలేడిది, కొస ఏడిది?" అని అడిగింది నానమ్మ.

మొదలూ లేదు, కొసా లేదు అన్నాను.

"అయితె అండ్ల ఊరు లేదు, ఊరవతల లేదు."

ఎవరి ఇల్లయినా ఎవరికైనా అంతే దూరం అని నేను అన్నాను గాని, ఆమె నా మాట వింటున్నట్టు లేదు. ముడి విప్పి, గింజను అరచేతిలో కాసేపు ఉంచుకుని, వంగి నాలుగో గడిలో పెట్టింది. విసరలేదు, పెట్టింది. అత్తమ్మ చింతపండు చేతులతోనే ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ తరువాత నానమ్మ గడప వైపు తిరిగి మా నాన్నతో అన్న మాటలను నేను ఆ రోజే నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను, అందుకని ఒక్క అక్షరం పోకుండా చెప్పగలను.

"కొడుకా, ముప్పై ఏడేండ్లు బండి నడవాల్నంటె లెక్క తప్పొద్దు. కాన్పులు నేను జేస్త, నా పానమున్నన్ని రోజులు. లెక్క ఇది జేస్తది. దీన్ని ఆ సదువుకే పంపు."

మా నాన్న బూటు మీద బ్రష్షు అట్లాగే ఆపాడు. లోపలికి పోయి బైబిలు కింది నుంచి ఆ దరఖాస్తు తీసి, వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని చూసి, కార్డు మీద ఏం రాయాలో దాని మీద ముందు చిత్తు రాయమని నా చేతికిచ్చాడు. నేను ఏడ్చానో నవ్వానో నోటుబుక్కులో రాసుకోలేదు. గచ్చు మీది సుద్దగళ్లను కాళ్లతో తుడిచేస్తూ అక్కా నేనూ చేతులు పట్టుకుని వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా గంతులేశామని మాత్రం ఉంది.

కార్డు మీద చోటు చాలదు కాబట్టి లెక్కను మూడు పంక్తుల్లోకి కుదించి, మిగతా చోటులో మూడిళ్ల కారణాలు రాశాను. శుక్రవారం సాయంత్రం మద్రాసు వైపు పోయే బండి నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. దాని తపాలా పెట్టెకు ఉండే సందులోంచి మా నాన్న ఆ కార్డును లోపలికి జారవిడిచాడు. ప్లాట్‌ఫారం మీద ఆయనతో పాటు నేనూ, అక్కా, అత్తమ్మా ఉన్నాం. ఒక్క పోస్టుకార్డును సాగనంపడానికి నలుగురం పోవడం చూసి టీ అమ్మే ఆయన ఎవరు పోతున్నారని అడిగితే, అత్తమ్మ తడుముకోకుండా మేమే పోతున్నామంది.

మేం గెలవలేదు. జూన్ అయిదు నాటి సంచికలో, ఎక్కువమంది పాఠకులు యంత్రాల లోకం కోరుకున్నారని వేసి, ఓడను అక్కడే దింపారు. మా కార్డు గాని మా పేర్లు గాని ఎక్కడా రాలేదు. కాని ఆ చివరి భాగంలో కెప్టెను తల నెరిసిపోయి ఉంది, దారిలో నీళ్ల లోకం పక్కనుంచి పోయేసరికే ముప్పై ఏడేళ్లయిందని రాసి ఉంది. ఆ మాట దగ్గరికి రాగానే నేను చదవడం ఆపేశాను. మళ్లీ చదవమని నాలుగుసార్లు చదివించుకున్నారు. లెక్క తెలిసినవాళ్లు ఇంకా ఎవరైనా రాసి ఉండవచ్చు, మా కార్డు వల్లేనని నేను ఎవరితోనూ వాదించను. మా నాన్న మాత్రం క్రాసింగులు కలపలేదని పెదవి విరిచాడు.

నేను హనుమకొండలో ఇంటర్ చేరాను, ఆ తరువాత డిగ్రీ. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. నానమ్మ ఆ ఓడను వదిలిపెట్టలేదు. ఏడాదికి రెండు మూడుసార్లు, వత్తి సరిచేస్తూనో తల దువ్వుకుంటూనో, ఎక్కడిదాకా వచ్చినం బిడ్డా అని అడిగేది. మేం నిజంగా ఆ శుక్రవారం బయలుదేరినట్టే నేను కూడా లెక్కకట్టి చెప్పేదాన్ని. చివరిసారి అడిగింది ఎనభై మూడు సెప్టెంబరు నాలుగు, ఆదివారం. అప్పటికి సరిగ్గా ఏడింట ఒక వంతు దారి వచ్చాం. అట్లనా, మంచిగనే పోతాంది అంది. ఆ నెల దాటలేదు.

రెండు వేల పదిహేను జూలై ఇరవై నాలుగు, శుక్రవారం, నా లెక్క ప్రకారం నీళ్ల లోకం రావలసిన రోజు. అప్పటికి మా నాన్న, అమ్మ, అత్తమ్మ ఎవరూ లేరు. పొద్దున్నే మూలింటి అక్కకు ఫోను చేశాను. ఆమె కాజీపేటలోనే సొంత ఇల్లు కట్టుకుని ఉంది. ఈ రోజు ఏమిటో చెప్పుకో అంటే కొంచెంసేపు ఆలోచించి, దిగినమా పిల్లా అంది. తరువాత, మోకాళ్లు నొస్తానయి, జర మెల్లగ దింపు అంది. ఇద్దరం ఫోనుకు అటూ ఇటూ కళ్లనీళ్లు కారేదాకా నవ్వుకున్నాం.

ఆనాటి పాఠకులు గెలిపించిన యంత్రాల లోకం మాత్రం మనం ఎవరం కూపను అంటించకుండానే ఇంటికి వచ్చేసింది. అనుకుంటే అన్నం తలుపు దగ్గరికి వస్తోంది, బట్టలు వాటంతటవే ఉతుక్కుంటున్నాయి, నేను జీవితమంతా నేర్పిన లెక్కలను అరచేతిలో డబ్బా ఒకటి రెప్పపాటులో చేసి పెడుతోంది. నేను దాన్ని తిట్టను, హాయిగానే ఉంది, అత్తమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో. అయితే మొన్న మా చెల్లెలి కూతురు ఇక్కడే కిరాయికి ఇల్లు వెతుకుతూ ఫోనులోనే నిమిషంలో ఒక ఇల్లు చూసుకుని, బాగుందని పోతే, ఇంటాయన నీళ్ల గురించి చెప్పకముందే మీరేమోళ్లు అని కులం అడిగాడట. అది వచ్చి చెబుతుంటే ఒక లెక్కల టీచరుగా నాకు అలవాటైన ప్రశ్నే మనసులో మెదిలింది, ఊరవతల లేని ఆ గుండ్రటి ఓడ ఇంకా ఎంత దూరమని. ఎంత కాలం పడుతుందో చెప్పాలంటే దూరమూ తెలియాలి, వేగమూ తెలియాలి. ఇన్నేళ్లలో ఆ రెండంకెలూ ఏ పత్రికలోనూ నా కంటపడలేదు.